తొమ్మిది పీరియడ్ల తరుగు

ఆ బుధవారం పొద్దున బడి గేటు దగ్గర స్కూటర్ దిగేసరికి సదానందం చేతిలో ఉన్నవి రెండు కాగితాలు. ఒకటి తొమ్మిదో తరగతి బి సెక్షను టైంటేబులు. రెండోది కూతురు మాధవికి టీసీ ఇప్పించమని కోరే దరఖాస్తు. దాని మీద సంతకం ఒక్కటే తక్కువ. ఇవి కాక, పదకొండు రోజులుగా తనతో మాట్లాడని బిడ్డ ఇంట్లో ఉంది. ఆమెను చేతిలో ఉన్న సరుకు కింద రాసుకోవాలో, చెయ్యి జారిన సరుకు కింద రాసుకోవాలో ఆయనకు తేలలేదు.

సదానందం చంద్రపూర్‌లో గోనెసంచుల వ్యాపారి. వాడిన సంచులు కొని, దులిపించి, చిరుగులు కుట్టించి మళ్లీ అమ్ముతాడు. తండ్రి చిన్నయ్య కోర్పనా దగ్గర ఊళ్లో ఇంకా సోయాబీన్ పండిస్తూనే ఉన్నాడు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో తల్లి దబ్బనం పట్టి ఊరూరి సంచులు కుట్టి పిల్లల్ని సాకింది. ఆమె వేళ్లకు పడిన కాయలు సదానందానికి ఇప్పటికీ కళ్లకు కడతాయి. తన బిడ్డ చేతికి సూది తగలకూడదని ఆయన ముందే అనుకున్నాడు. అందుకే ఒకటో తరగతిలోనే ఈ సిస్టర్ల బడిలో చేర్పించాడు. ఆడపిల్లల బడి, ఇంగ్లీషు చదువు, గంట కొడితే గడియారం దిద్దుకోవచ్చనే పేరు. బేరం మంచిదే అనిపించింది, ఎనిమిదేళ్ల పాటు.

చిక్కు పెట్టింది పక్క దుకాణం రామకిషన్. సరుకు మీద కప్పే తాడిపత్రీలు, టార్పాలిన్లు అమ్ముతాడు. కూతుర్ని కొత్తగా వచ్చిన కోచింగ్ బడిలో వేశాడు.

"పొద్దున ఏడింటికి పోతది, రాత్రి ఏడింటికి వస్తది. లెక్కలు, సైన్సు, లెక్కలు, సైన్సు. ఇగ వేరే ముచ్చటే లేదు," అన్నాడు రామకిషన్ ఒకరోజు చాయ్ తాగుతూ. "నీ బిడ్డకు లెక్కలల్ల ఎంతొచ్చినయ్ సేఠ్?"

"అరవై ఒకటి."

"మరి వారంల ఎన్ని పీరియడ్లు పాటలు పాడుతదో ఎన్నడన్న చూసినవా?"

చూడలేదు. ఆ రాత్రే టైంటేబులు అడిగి తీసుకుని సరుకు చీటీలాగా ముందర పరుచుకున్నాడు. వారానికి నలభై అయిదు గడులు. మార్కులున్న గడుల మీద టిక్కు పెడుతూ పోయాడు. ఇంగ్లీషు, మరాఠీ, హిందీ, బీజగణితం, రేఖాగణితం, సైన్సు రెండు భాగాలు, చరిత్ర, భూగోళం. టిక్కు పడనివి తొమ్మిది మిగిలాయి. నీతిపాఠం రెండు, కుట్టుపని రెండు, ఆటలు రెండు, లైబ్రరీ ఒకటి, పాటలు ఒకటి, నీటి భద్రత అనే కొత్త పాఠం ఒకటి. వీటికి గ్రేడు ఇస్తారట గానీ, టోటల్‌లో కలవదట.

నలభై అయిదులో తొమ్మిది. అయిదింట ఒకటి. వానకు తడిసి మొలకెత్తిన సోయాబీన్‌కు కూడా మార్కెట్‌లో ఇంత తరుగు తీయరు.

"నీ చదువుల అయిదో వంతు పొల్లు," అన్నాడు మాధవితో. "అందులో కుట్టుపని ఒకటి! సంచులు కుట్టుడే నేర్చుకునేదుంటే ఈరమ్మ పక్కన కూసోబెడితే అయిపోతుండె."

ఈరమ్మ ఆయన గోదాములో సంచులు కుట్టే మనిషి.

"నేను ఆ బడి విడిచిపెట్ట, బాపూ."

"ఎందుకు?"

"నీకు చెప్పినా అర్థం కాదు."

అంతే, ఆ మాట తర్వాత నోరు కట్టేసింది. అన్నం తల్లిని అడిగేది, నీళ్లు తల్లిని అడిగేది. కోచింగ్ బడివాళ్లు శనివారం లోపు టీసీ తెస్తేనే సీటు అన్నారు. భార్య తిరుపతమ్మ మాత్రం రెండు పక్షాలకూ పప్పు వడ్డిస్తూ, "సంచి మీదున్న గింజ చూసి బేరం జేసెటోన్ని పిచ్చోడంటవ్ గదా. ఒక్కసారన్న ఆ బడి లోపటికి పోయి చూసినవా?" అంది.

ఆ మాట తగిలింది. అందుకే దరఖాస్తు సంతకం లేకుండా తెచ్చాడు.

హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ నిర్మల గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె కాగితం చదివి, ఇంగ్లీషులోనో మరాఠీలోనో జవాబిస్తుందని ఆయన సిద్ధపడితే, తెలుగు వినిపించింది.

"కూసోండ్రి అన్నా. మాది వరోరా. మా నాయన బొగ్గుబాయి పనికి మంచిర్యాల దిక్కు నుంచి వచ్చిండు. చెప్పుండ్రి, ఏం కష్టమొచ్చింది?"

సదానందం టైంటేబులు బల్ల మీద పెట్టి తొమ్మిది గడులూ వేలితో చూపించాడు. "సిస్టర్, సూటిగ అడుగుత. ఈ తొమ్మిదింటికి ధర లేదు. ధర లేని సరుకు కొట్ల ఎందుకు పెట్టుకున్నరు?"

ఆమె నవ్వలేదు. కళ్లద్దాలు తీసి ఆ గడుల్ని తానూ చూసింది, మొదటిసారి చూస్తున్నట్టు. "మంచి ప్రశ్ననే. ఇంతవరకు ఎవరూ గిట్ల అడగలే. ఫీజు అడుగుతరు, ర్యాంకు అడుగుతరు."

"ఇంకోటి. మా పక్కాయన అంటుండు, నీతిపాఠం అని చెప్పి లోపట మీ మతం చెప్తరని."

"మా కేథలిక్ పిల్లలు ఆ పీరియడ్‌ల వేరే గదికి పోయి వాళ్ల పాఠం చదువుకుంటరు. మిగిలినోళ్లు తరగతిలనే ఉంటరు. మీ బిడ్డ ఎనిమిదేండ్ల సంది ఉంటుంది. నిరుడు బతుకమ్మ నాడు పరీక్ష పెట్టొద్దని దరఖాస్తు రాసి, ముప్పై మంది సంతకాలు తెచ్చిందెవరో తెలుసా?"

"ఎవరు?"

"మీ మాధవినే. పరీక్ష వేరే రోజుకు జరిపిన. లేకుంటే నా నెత్తి మీద కూసుంటుండె."

సదానందానికి ఆ సంగతి తెలియదు. ముప్పై సంతకాలు. తాను ఒక్కటి పెట్టడానికే పదకొండు రోజులుగా వెనకాడుతున్నాడు.

సిస్టర్ దరఖాస్తును ఆయన వైపే జరిపింది. "నేను ఆపను. సంతకం చేసిన్నాడు టీసీ ఇస్త. కాని ఇయ్యాళ బుధవారం. మీరు చూపించిన తొమ్మిదింట్ల నాలుగు ఇయ్యాళనే ఉన్నయ్. చూసి పోండ్రి. ఆడపిల్లల తరగతి, లోపట కూసోనియ్యను. వరండాల కుర్చీ వేయిస్త. పిల్లకు తెల్వొద్దు."

చూడకుండా తిరస్కరించడం కూడా చూడకుండా కొనడం లాంటిదే. ఆయన కుర్చీకి ఒప్పుకున్నాడు.

రెండో పీరియడ్ కుట్టుపని. స్తంభం చాటున కూర్చుని జాలీ కిటికీలోంచి చూశాడు. పిల్లలు సూదీ దారం పట్టి కూర్చుని ఉంటారనుకున్నాడు. తీరా చూస్తే బల్లల మీద కాగితాలు, స్కేళ్లు, పెన్సిళ్లు. చదునైన గుడ్డ గుండ్రటి భుజానికి ఎట్లా అతుకుతుందో, ఎక్కడ ఎంత వంపు కోయాలో కాగితం మీద గీస్తున్నారు. మాధవి కాగితంతో చొక్కా చెయ్యి ఒకటి కత్తిరించి అతికించింది. అది ఒకవైపు లాగింది. విప్పేసింది. మళ్లీ కొలిచి కత్తిరించింది. మళ్లీ లాగింది. మూడోసారి పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, కాగితాన్ని వెలుతురుకెత్తి అట్లాగే చూస్తూ నిలబడింది. ఎవరూ ఆమెను తిట్టలేదు, తొందరపెట్టలేదు. ఇంట్లో రేఖాగణితం ట్యూషను సారు ముందు రెండో తప్పుకే పుస్తకం మూసేసే పిల్ల ఈమేనా అని సదానందం కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

నాలుగో పీరియడ్ లైబ్రరీ. నలభై మంది తలలు వంచుకుని ఉన్నారు. ఏం జరుగుతోందో బయటి నుంచి ఏమీ కనబడలేదు. మూట విప్పకుండా లోపలి సరుకు చెప్పలేం. దాన్ని అట్లాగే వదిలేశాడు.

మధ్యాహ్నం భోజనాల గంట తర్వాత నీతిపాఠం. కొందరు అమ్మాయిలు వరుసగా బయటికొచ్చి పక్క గదికి వెళ్లారు. కిటికీ కింద గోడకు ఆనించి ఉన్న కుర్చీలో ఆయన తల వంచి కూర్చున్నాడు. ఇక్కడ చూపు ఆనదు, మాటలే వినపడతాయి.

వనిత టీచర్ పుస్తకం చదివింది. దారిలో ఒకడికి డబ్బుసంచి దొరికింది, వాడేం చేశాడు? "పోలీసులకు ఇచ్చాడు" అని పిల్లలంతా ఒకే రాగంలో అన్నారు. సదానందం పెదవి విరిచాడు. ఇది చెప్పడానికి ఒక బడి, ఒక పీరియడ్, ఒక జీతం. జేబులోని దరఖాస్తును తడిమి చూసుకున్నాడు.

పుస్తకం మూసిన చప్పుడైంది. "పోయినవారం ఇచ్చిన పని ఎవరెవరు చేశారు?" అని టీచర్ మరాఠీలో అడిగింది. పని ఏమిటంటే, ఇంట్లోనో బజారులోనో అందరూ పాటించే ఒక పద్ధతిని పట్టుకోవాలి. అది ఎందుకు అట్లా ఉందో ఎవరూ అడగనిదై ఉండాలి. దాన్ని తూచో, కొలిచో, లెక్కపెట్టో రావాలి.

మొదట ఊర్జానగర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచింది. కరెంటు కేంద్రం కాలనీలో తమ ఇంట్లో నెలకు ఎన్ని నిమిషాలు కరెంటు పోయిందో, పనిమనిషి ఊళ్లో ఎన్ని గంటలు పోయిందో రాసుకొచ్చింది. కరెంటు పుట్టేది ఒకే చోట గదా అని అడిగింది. తరగతిలో గుసగుసలు లేచాయి.

రెండో గొంతు మాధవిది.

"మార్కెట్‌లో ధాన్యం తూచినప్పుడు సంచి బరువు కింద కిలో తీసేస్తారు. ఒక సంచికి ఒక కిలో. మా తాత తీయిస్తాడు, అందరూ తీయిస్తారు. సంచి నిజంగా కిలో ఉంటుందా అని నేను మా గోదాములో ఇరవై సంచులు తూచాను. కొత్తవి, పాతవి, అతుకులేసినవి. సగటు ఆరు వందల పది గ్రాములు."

సదానందం వెన్ను నిటారైంది.

"అంటే ఒక్కో సంచికి మూడు వందల తొంభై గ్రాముల సోయాబీన్ ఊరికే పోతోంది. మా తాత నిరుడు అరవై సంచులు అమ్మాడు. ఇరవై మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. అర బస్తా దగ్గరికి వచ్చింది. ఆ అర బస్తా ఎవరికి ఇస్తున్నాడో మా తాతకు తెలియదు."

"మీ నాన్న సంచులే అమ్ముతాడు గదా, ఆయనకు తెలియదా?" అని ఎవరో పిల్ల అడిగింది. కొందరు నవ్వారు.

బయట కుర్చీలో సదానందం కిటికీ వైపు చెవి పెట్టాడు.

"సంచి బరువు ఎంతో మా నాన్నకు చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. మార్కెట్‌లో తీసే కోత కిలో అని కూడా తెలుసు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడలేదంతే. మా నాన్న లెక్కలో పక్కా. కానీ ఒకసారి తరుగు అన్నాడంటే దాన్ని మళ్లీ తూచడు."

గంట కొట్టారు. ఎవరూ లేవలేదు. కొత్త సంచికి అంత కోత ఎందుకని ఒకరు, మట్టీ రాళ్లూ ఉంటాయి గనక తీస్తారేమో అని ఒకరు, మరి మట్టికి వేరే కోత ఉంది గదా అని ఇంకొకరు. వ్యాపారి పక్షాన ఒక దుకాణదారు కూతురు గట్టిగానే వాదించింది. టీచర్ తీర్పు చెప్పలేదు. "ఎవరిని అడిగితే తెలుస్తుంది?" అని మాత్రం అంది.

సదానందం వరండాలో కూర్చుని, ఇరవై రెండేళ్లలో తన చేతి మీదుగా పోయిన సంచుల్ని తలుచుకున్నాడు. ఒక్కటీ కిలో లేదు. ఆ సంగతి ఆయన చేతులకు తెలుసు. తండ్రి బండి కట్టుకుని మార్కెట్‌కు పోయిన రోజుల్లో పక్కన తానూ ఉన్నాడు. కోత అంటే కోత. వాన పడితే తడుస్తాం, అట్లాంటిదే అనుకున్నాడు. ఇప్పుడు జేబులో ఉన్న టైంటేబులు గుర్తొచ్చింది. తొమ్మిది గడులు. వాటినీ తూచి తీయలేదు. అందరూ పొల్లు అన్నారు గనక పొల్లు కింద తీసేశాడు.

చివరి పీరియడ్ ఆటలు. మైదానంలో అమ్మాయిలు గుంపులుగా నిలబడి ముచ్చట్లు పెట్టుకున్నారు. ఆటల మేడమ్ నీడన కూర్చుని ఫోను చూసుకుంది. బంతి ఒకటి గోడ వారన, గాలి లేకుండా పడి ఉంది.

సాయంత్రం సిస్టర్ గదికి వెళ్లగానే ఆయన మొదట అన్నమాట ఇది. "ఆటలు రెండు పీరియడ్లు పక్కా తరుగు. అది మీరు కాదనలేరు."

సిస్టర్ కిటికీలోంచి మైదానం వైపు చూసింది. "కాదనను. రాసుకుంట."

"ఆ నీతిపాఠానికి మార్కులెందుకు పెట్టరు? పెడితే మాలాంటోళ్లకు ధర కనబడుతది గదా."

"పెడితే ఏమైతది అన్నా? మార్కులకు జవాబు ముందే పుస్తకంల ఉండాలె. దొరికిన డబ్బుసంచి పోలీసులకిచ్చిండు అని రాసి పదికి పది తెచ్చుకుంటరు. మీ బిడ్డ అడిగినదానికి జవాబు నా దగ్గరనే లేదు. నేనెట్ల దిద్దాలె?"

సదానందం ఆలోచించాడు. ఊరికే ఒప్పుకోవడం ఆయన వంట్లో లేదు. "సరే. కాని అరవై ఒకటి మాత్రం అరవై ఒకటే. దానికేం జేస్తరు?"

"ఏం జేయమంటరు?"

"శనివారం బడి అయినంక లెక్కల సారు ఒక గంట ఉండాలె. నా బిడ్డకే గాదు, అడిగినోళ్లందరికి."

"అరగంట."

"ముప్పావు గంట."

"ముప్పావు," అంది సిస్టర్. అప్పుడు నవ్వింది. "మా నాయన కూరగాయలు గిట్లనే బేరం జేస్తుండె."

ఆయన జేబులోంచి దరఖాస్తు తీసి, రెండుగా మడిచి, వెనక తెల్లటి వైపు పనికొస్తుందని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఇంట్లో మాధవి చదువుకునే మూల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆమె తల ఎత్తలేదు. టీసీ సంగతి చెబుదామనుకున్నాడు. నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆ ఇరవై సంచులు పొడివి తూచినవా, తడివి తూచినవా?"

పెన్ను ఆగింది. పదకొండు రోజుల పట్టుదల ఒకవైపు, లెక్కలో తప్పు పట్టిన మాట ఇంకొకవైపు. పిల్ల మొహంలో ఆ రెండూ కాసేపు తూగాయి.

"...పొడివి. ఎందుకు? నీకెవరు చెప్పిండ్రు? ఈరమ్మ చెప్పిందా?"

"ఎవరో చెప్పిండ్రు. నీ లెక్కల ఒక పొరపాటున్నది. పంట వచ్చేనాటికి గాలిల తేమ ఉంటది. జనుము నీళ్లు పీలుస్తది. మార్కెట్లోడు అదే మాట పట్టుకుంటే నువ్వు ఏం జవాబు చెప్తవ్?"

"మరి తడివి ఎంతుంటయ్?"

"నేనెందుకు చెప్పాలె? తూచిన దానికే కదా మీ టీచర్ దగ్గర విలువ."

మాధవి కుర్చీలోంచి లేచింది. "బాపూ! నువ్వు బడికి వచ్చినవ్!"

"వరండాకు వచ్చిన. లోపటికి రానియ్యలే."

వంటింట్లోంచి తిరుపతమ్మ గొంతు వినిపించింది. "మాటలు మొదలైనయా? అయితే ఇగ నీళ్లు మీ బాపునే అడుగు, నా కాళ్లు పీకుతున్నయ్."

మర్నాడు గోదాములో తండ్రీ కూతుళ్లు కాటా ముందు కూర్చున్నారు. వానకు తేమ పట్టిన సంచుల్ని ఈరమ్మ ఒక్కొక్కటే అందించింది. "పట్వారీలు గిన దిగిండ్రా ఏంది?" అని సాగదీసింది. ఏడు వందల నలభై, ఏడు వందల ముప్పై, ఒకటి ఎనిమిది వందలు. కిలో మాత్రం ఒక్కటీ లేదు. మాధవి నోటుబుక్కులో రెండో వరుస గీసి తడివి అని రాసింది. ఊరికే పోయే గింజల మొదటి లెక్క తగ్గినందుకు ఆమె మొహం మాడ్చుకోలేదు. ఇంకా చలికాలంలో ఎంతుంటాయో చూడాలంది. ఆ మాటకు సదానందం ఆమె వైపు చాలాసేపు చూశాడు. తగ్గిన లెక్కను చూసి సంబరపడే మనిషి ఆయనకు వ్యాపారంలో ఇంతవరకు తగల్లేదు.

సోయాబీన్ కోతలయ్యాక చిన్నయ్య పంట మార్కెట్‌కు తెచ్చాడు. మనవరాలు నేర్పిన మాట నేర్పినట్టు అన్నాడు. "ఖాళీ సంచి ఒకటి కాటా మీద పెట్టు, నాయినా." తూకం వేసేవాడు నవ్వాడు. ముసలాయన నవ్వలేదు, కదలలేదు. వెనక బండ్లు ఆగాయి. చివరికి సంచి పెట్టారు. ఆరు వందల యాభై. అంతే కోత కోశారు. ఆయన వెనక ఉన్న రైతు కూడా ఖాళీ సంచి పెట్టమన్నాడు. ఆ వెనకాయన కూడా.

వారం తిరగకముందే సదానందం దగ్గర సంచులు కొనే ఒక ధాన్యం వ్యాపారి కొనడం మానేశాడు. "నీ బిడ్డను బడికి పంపినవా, మా మీదికి పంపినవా?" అన్నాడట. రామకిషన్ ఆ మాట మోసుకొచ్చి, "చూసినవా సేఠ్, ముందే చెప్పిన," అన్నాడు.

"చెప్పినవ్. కాని చూసి చెప్పలే," అన్నాడు సదానందం.

దీపావళి సెలవులకు ముందు అర్ధవార్షిక మార్కులు వచ్చాయి. సంవత్సరం సగమైంది గనక ఆయన కూర్చుని లెక్క తీశాడు. నష్టం వైపు ఒక మంచి గిరాకీ. లాభం వైపు, లెక్కల్లో అరవై ఒకటికి బదులు అరవై ఎనిమిది. అందులో శనివారం ముప్పావు గంట వాటా ఎంతో, మిగతాది దేని వాటానో విడదీయడం ఆయన వల్ల కాలేదు. చిన్నయ్య ఇంటికి అరవై సంచుల మీద ఇరవై ఒక్క కిలోల సోయాబీన్ మిగిలింది. బిడ్డ మాట్లాడుతోంది, అదీ అడిగినదానికి రెండింతలు. ఇక తొమ్మిది పీరియడ్ల సంగతి. ఆటల మేడమ్ ఇంకా ఫోను చూస్తూనే ఉందట, ఆ రెండూ తరుగే. లైబ్రరీ, పాటలు, నీటి పాఠం ఇంకా తూచలేదు. తూచేదాకా తీసేయకూడదు. నీతిపాఠం రెండు, కుట్టుపని రెండు. మొత్తం నాలుగు నికరం.